నిచ్చెన గేము, ఈశాన్యం గుంత

మీరు బస్సులో కూర్చుని ఫోనులో ఆడే ఆటలు పక్క సీట్లోంచి నేనూ చూస్తుంటాను. బొమ్మ మనిషి పరుగెత్తుతాడు, గొయ్యి రాగానే ఎగురుతాడు, ఒక అరుగు మీంచి ఇంకో అరుగు మీదికి దూకుతాడు. వెనక కొండలూ మబ్బులూ జరిగిపోతుంటాయి. వాడు ఎగరడం మీకు వింత కాదు. వాడికి ఎగరడం రాని కాలం ఒకటుండేదంటే నవ్వుతారు. ఆ కాలపు ఆటల సర్క్యూట్ బోర్డులు ఈ చేతులతో విప్పి బిగించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఆట గురించి చెప్పేది కొంచెమే. మిగతాదంతా బద్వేలులో ఒక ఇల్లాలి గురించి.

నేను వీడియో గేము మిషన్ల మెకానిక్‌ని. కర్నూలులో ఒక వ్యాపారి దగ్గర పనిచేసి, కళ్ళు మసకబారాక మానేశాను. పెన్షన్ లేదు, నడుము నొప్పి మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది. మా యజమాని మద్రాసులో పాత మిషన్లు తుక్కు కింద కొనేవాడు. మేం వాటిని బాగుచేసి, రంగు కొట్టి, ఆదోని నుంచి బద్వేలు దాకా కొట్లకు అద్దెకిచ్చేవాళ్ళం. పరాయి దేశాల్లో ఎనభైల మొదట్లో పుట్టిన మిషన్లవి. వాటిని కన్నవాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. రెండువేల సంవత్సరం దాటాక మా సీమలో అవి కొత్త పెళ్ళికొడుకుల్లా లారీ దిగేవి.

వాటిలో మనిషి అంతస్తుల మీద నడిచే రకాలు నాకు ప్రాణం. మొట్టమొదటి రకంలో వాడు నిచ్చెనలు ఎక్కుతాడు, దిగుతాడు, పురుగులు వెంటపడితే నేలలో గుంత తవ్వి వాటిని అందులో పడేస్తాడు. అంతకు మించి ఏమీ రాదు. ఆ తర్వాతి రకంలో ఒక బటన్ పెట్టారు. నొక్కితే ఎగురుతాడు. ఒక్క బటన్, వాణ్ణి నడిపించడానికి అటూ ఇటూ వంచే ఒక్క పుల్ల. తెర కదలదు, వాడి లోకమంతా ఆ ఒక్క తెరలోనే. మీరిప్పుడు ఆడేవన్నీ ఆ బటన్ పెట్టిన పిల్లలే.

బద్వేలు మిషన్ ఈ రెండో రకం. వాలుగా ఉన్న అంతస్తులు, వాటి మధ్య నిచ్చెనలు, పైనుంచి దొర్లుకుంటూ వచ్చే నిప్పు ముద్దలు. పైదాకా ఎక్కితే గెలుపు. ఊళ్ళో దాన్ని నిచ్చెన గేము అనేవాళ్ళు. మార్కెట్ దగ్గర ఒక శెట్టి తన కిరాణా అంగడి పక్క గదిలో పెట్టుకున్నాడు. ఆయన పగలంతా కిరాణాలో, గేము గదిలో ఆయన భార్య. మిషన్‌లో వేసే బిళ్ళలు ఇచ్చేది, గొడవపడేవాళ్ళను బయటికి పంపేది ఆమే. గదిలో లక్ష్మీదేవి పటం ఉండేది కాబట్టి ఎవరైనా చెప్పులు గడప బయటే విడవాలి. హమాలీలు, బస్సు కండక్టర్లు, కాలేజీ కుర్రాళ్ళు అందరూ ఉత్తకాళ్ళతో నిలబడి ఆడేవాళ్ళు. ఈ మాట గుర్తుంచుకోండి.

నేను మొదటిసారి సర్వీసుకు పోయినప్పుడు మధ్యాహ్నం. గదిలో ఎవరూ లేరు, ఆమె తప్ప. కొంగు నడుముకు చుట్టి, పెదవి కొరుక్కుంటూ ఆడుతోంది. నన్ను చూసి సిగ్గుపడింది కానీ పుల్ల వదల్లేదు. ఆ ఊళ్ళో ఆమెలా ఆడినవాణ్ణి నేను చూడలేదు. నిప్పు ముద్ద ఏ నిచ్చెన దగ్గర మలుపు తిరుగుతుందో పాలు ఎప్పుడు పొంగుతాయో తెలిసినట్టు తెలుసు ఆమెకు.

"అన్నా, వాడు ఎగిరేటప్పుడు నా కాళ్ళు గూడా నేల మీద ఉండవు" అంది.

ఎగరడం రాని మొదటి రకం గురించి అప్పుడు చెప్పాను. పకపకా నవ్వింది. "ఎగరలేనోడు ఏం ఆడతాడన్నా? మా అత్త ముందర నేనున్నట్ల ఉంటాది. అట్లాంటిది యాడన్నా ఉంటే ఒగసారి సూపీ, సూడాలనుండాది" అంది. కర్నూలు గోడౌనులో అలాంటి బోర్డు ఒకటి చచ్చిపడి ఉంది, బాగుచేసి దసరాకు తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను.

ఆ రోజే బిళ్ళ పెట్టే ఇనుప తలుపు ముట్టుకున్నాను. చెయ్యి జిల్లుమంది.

"అది గేములోదే అన్నా" అంది ఆమె. "మనిషి సచ్చినప్పుడు మనకు తగుల్తాది."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఇద్దరు హమాలీలు వచ్చి ఆడితే అర్థమైంది. తెర మీద మనిషి పడిపోగానే ఆట అయిపోతుంది, ఇంకో బిళ్ళ వెయ్యడానికి వంగి ఇత్తడి బిళ్ళను ఇనుప తలుపుకు ఆనిస్తారు, జిల్లుమంటుంది. ఆడుతున్నంతసేపూ చేతిలో ఉండేవి ప్లాస్టిక్ పుల్ల, ప్లాస్టిక్ బటన్, అప్పుడేమీ తగలదు. అందుకని ఓడిపోయినవాణ్ణి మిషన్ కొడుతుందని ఊరంతా నమ్మింది. నమ్మి ఊరుకున్నారా? ఐదారుమంది చేతులు పట్టుకుని వరసగా నిలబడి, మొదటివాడు తలుపు ముట్టుకుంటే చివరివాడి దాకా జిల్లు పోయిందా లేదా అని పందెం. మైదుకూరు నుంచి కూడా వచ్చేవాళ్ళట దీనికోసం. ఫారిన్ మిషన్ కదప్పా, అట్లనే ఉంటాది అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. నా ఒళ్ళు మండిపోయింది.

విషయం ఇది. మిషన్ లోపల ఎక్కడైనా కొంచెం కరెంటు కారితే అది ఇనుప తలుపులో నిలవకుండా ఒక తీగ వెంట భూమిలోకి పోవాలి. ఆ తీగ పోయి ఎర్తు గుంతలో కలుస్తుంది. గుంతలో ఇనుప పైపు, చుట్టూ ఉప్పూ బొగ్గూ. దానికి నీళ్ళు పోస్తుండాలి. తడి ఉంటేనే నేల కరెంటును తీసుకుంటుంది. ఎండిపోతే తీసుకోదు, అప్పుడు ఎవరు ముట్టుకుంటే వాళ్ళ ఒంటి వెంట దారి చేసుకుంటుంది. ఇవాళ కారేది కొంచెమే కాబట్టి జిల్లు. రేపు లోపల ఏ తీగో తెగి ఇనుముకు ఆనితే, తడి గుంత ఉంటే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎండు గుంత ఉంటే మనిషి పోతాడు. శెట్టిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను.

శెట్టి మంచివాడు, ఎవరి మాటా కాదనలేడు. అదే వచ్చిన చిక్కు. ఆ ఏడు వానల్లేవు. బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. మున్సిపాలిటీ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, వస్తే వీధి వీధంతా బిందెలతో యుద్ధం. "తాగేదానికే లేవు గదప్పా, గుంతకు యాడ తెచ్చేది?" అన్నాడు.

"పాత్రలు కడిగిన నీళ్ళు పోయండి, చాలు. నేలకు ఎంగిలి లేదు" అన్నాను.

శెట్టి మొహం మాడిపోయింది. ఎర్తు గుంత ఈశాన్యం మూలలో ఉంది. ఆ రోజుల్లో సీమంతా వాస్తు జ్వరం, బాగున్న మెట్లు పగలగొట్టి అటుదిటు కట్టుకునేవాళ్ళు. వీళ్ళ వాస్తాయన నీళ్ళు పోసే గుంత ఏదైనా ఈశాన్యంలోనే ఉండాలన్నాడు, అక్కడ తవ్వించారు. ఈశాన్యం దేవుడి మూల, అక్కడ ఎంగిలి నీళ్ళు పోయకూడదు. మంచినీళ్ళే పోయాలి. మంచినీళ్ళు లేవు. అయితే వెనక నైరుతి మూలలో ఇంకో గుంత తవ్వుదాం, దాంట్లో ఏ నీళ్ళైనా పోయండి అన్నాను. "నైరుతిలో గుంత తీస్తే ఇంట్లో చావు జరుగుతాదంట, మాయమ్మ సచ్చినా ఒప్పదు" అన్నాడు.

నేను కోపంతో మిషన్ ప్లగ్గు పీకేసి బస్సెక్కాను. కర్నూలు చేరేసరికి శెట్టి ఫోన్ అక్కడికి ముందే చేరింది. మా సీనియర్ మెకానిక్ ఒకాయన ఉండేవాడు, కోసిగి వైపు మనిషి. పని నేర్పింది ఆయనే, తిట్టిందీ ఆయనే. "ఏమప్పా, ఆడే మిషన్ ఆపేకి పంపినామా నిన్ను? దుడ్లు తెచ్చే మిషన్ అది" అన్నాడు. గుంత సంగతి చెబితే, "మా ఊర్లో తాగేకి నీళ్ళు లేక జనం మూటలు కట్టుకోని వలస పోతాండారు. నువ్వు గుంతకు పోయమంటాండావు. వాళ్ళకు నువ్వు పిచ్చోని మాదిరి కనపడతావు" అన్నాడు. ప్లగ్గు మళ్ళీ పెట్టుకున్నారు.

సీనియర్ మాటకు జవాబు శెట్టి భార్య దగ్గర దొరికింది. ఆ తర్వాత నేను వెళ్ళేసరికి శెట్టి తల్లి ప్రొద్దుటూరులో కూతురు ప్రసవానికని వెళ్ళి ఉంది. ఆ ఇంట్లో పెద్దావిడ మాటే శాసనం, ఆమె లేనప్పుడే కోడలికి కొంచెం గాలాడేది. "అన్నా, నీళ్ళు పోస్తాండా" అంది గొంతు తగ్గించి. "పాత్రలు కడిగినవి, బియ్యం కడిగినవి అన్నీ. మాయత్తకు సెప్పొద్దు."

కరెంటు తీగకూ ఎర్తు తీగకూ మధ్య టెస్టు బల్బు పెట్టి చూశాను. మొదటిసారి గుడ్డి దీపంలా మిణుకుమన్న బల్బు ఇప్పుడు భగ్గున వెలిగింది, నేల కరెంటును తీసుకుంటోందన్నమాట. ఇనుప తలుపు మీద అరచెయ్యి మొత్తం ఆనించాను, చీమ కుట్టినట్టు కూడా లేదు. నా ఉద్యోగంలో అంత తృప్తి పడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వారం తిరగకుండా కర్నూలుకు కంప్లయింటు వచ్చింది, బద్వేలు మిషన్ చెడిపోయిందని. ఏం చెడిపోయిందయ్యా అంటే, జిల్లు రావడం లేదట. గిరాకీ పడిపోయిందట. సీనియర్ పొట్ట పట్టుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే నోరు చేదవుతుంది.

దసరా ముందు పెద్దావిడ తిరిగొచ్చింది. దేవుడి మూలలో అన్నం మెతుకులు, పప్పు చారు మరకలు చూసింది. కోడల్ని వీధి వినేలా తిట్టిందని తర్వాత అంగడివాళ్ళు చెప్పారు. "లచ్చిందేవి మూలలో ఎంగిలి కలిపినావు, ఇంగ ఈ ఇల్లు బాగుపడతాదా?" అని ఏడ్చిందట కూడా. దురుద్దేశంతో అన్న మాట కాదు. కరువు కాలంలో ఇల్లు నిలబడాలని ఆ మూల నమ్ముకున్న మనిషి. పసుపు నీళ్ళతో ఆ మూల కడిగి ముగ్గు వేసింది. కోడలు నీళ్ళు పోయడం ఆపేసింది. కొన్ని రోజులకు జిల్లు తిరిగొచ్చింది, గిరాకీ కూడా తిరిగొచ్చింది.

నాకు ఇదేమీ తెలియదు. నేను గోడౌనులో ఆ ఎగరలేని మనిషి బోర్డుకు ప్రాణం పోస్తున్నాను. ఆయుధ పూజ ముందు రాత్రే కడప చేరి, పండగ పొద్దున్నే దాన్ని గుడ్డలో చుట్టి, నా స్క్రూడ్రైవర్లూ టెస్టరూ పూజకు పెడదామని సంచిలో వేసుకుని కడప నుంచి బద్వేలు బస్సెక్కాను. మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు పాత బోర్డు తీసి ఇది తగిలిస్తే ఆమె ఏమంటుందో అని దారంతా ఊహించుకుంటున్నాను. తెర మీద వాడు గుంత తవ్వడం చూస్తే తప్పకుండా నవ్వుతుందనుకున్నాను.

అక్కడ జరిగింది, తర్వాత నేను చూసినదాన్నిబట్టీ విన్నదాన్నిబట్టీ, ఇది. ట్యాంకరు ఆ తెల్లవారుజామునే వచ్చింది. పండగ కాబట్టి గది కడగాలి. బరువైన మిషన్ను ఇద్దరు హమాలీల చేత ముందుకు జరిపించారు, వెనక గోడ కడగడానికి. జరిపేటప్పుడు కరెంటు తీగ మిషన్ అడుగు రేకు కింద నలిగి దాని తొడుగు చీలింది, లోపలి రాగి ఇనుముకు ఆనింది. ఎవరూ చూడలేదు. కరెంటు కూడా లేదప్పుడు, రోజూలాగే పొద్దుటి కోత. స్విచ్చు మాత్రం వేసే ఉంది. ఆమె తలంటుకుని, నేలంతా బిందెలతో కడిగి, తడిగుడ్డతో మిషన్ తుడుస్తోంది. ఇనుప తలుపుకు పసుపు రాసి బొట్లు పెడుతోంది. అప్పుడు కరెంటు వచ్చింది. వీధిలో అందరూ వచ్చింది వచ్చింది అని అరిచారట.

నేను పోయేసరికి గడప బయట చెప్పులు లేవు. జనం చెప్పులతోనే లోపల ఉన్నారు. అది చూసే నాకు తెలిసిపోయింది. శెట్టి ఆమెను లాగబోయి తనూ దెబ్బతిని గోడకు చేరగిలబడి ఉన్నాడు, ఎవరో కర్రతో ప్లగ్గు కొట్టేశారు. ఆమె తడినేల మీద పడి ఉంది, అరచేతుల్లో పసుపు. ఎవరో ఛాతీ నొక్కుతున్నారు, నేనూ నొక్కాను. ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. నేను ఆసుపత్రి వరండాలో ఏడ్చాను. మెకానిక్కు, పరాయివాడు, అంతలా ఏడవడమేమిటని జనం చూశారు. చూడనివ్వండి అనుకున్నాను.

ఆ గదిలో నేలంతా తడిసేలా అన్ని నీళ్ళు పోశారు. గోడ అవతల గుంతలో ఒక్క చెంబు లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కర్మ రోజు వెళ్ళాను. వెళ్ళొద్దని సీనియర్ అన్నాడు, వెళ్ళాను. శెట్టి గుండుతో కూర్చున్నాడు. ఆయన తమ్ముడు, ప్రొద్దుటూరులో బట్టల కొట్టు ఆయన, అన్నీ తనే చూసుకుంటున్నాడు. "ఆ పాడు మిషన్ తీసకపోప్పా. అది మనిషిని తినింది. ఆ గదిలో కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్జు పెడతాం" అన్నాడు.

"ఏ ప్లగ్గుకు?" అన్నాను.

"ఏ ప్లగ్గుకేంది? ఆ ప్లగ్గుకే."

ఫ్రిజ్జు కూడా ఇనుమే. రేపు ఆ తలుపు తీసేది ఈ పెద్దావిడే. నేనేమీ అనకముందే ఆవిడ స్తంభం పక్కనుంచి లేచి వచ్చింది. ఆ కొద్ది రోజుల్లోనే మనిషి సగమైపోయింది.

"నాయనా, నువ్వు ఆ పని తెలిసినోనివి. నాకు నిజం సెప్పు. ఆ గుంతలో నీళ్ళుంటే నా కోడలు బతికేదా?"

ఇంటినిండా చుట్టాలు. అందరూ నా వైపే చూశారు. తమ్ముడు వద్దన్నట్టు తల ఆడించాడు. మిషన్‌దే తప్పు పెద్దమ్మా అంటే సరిపోయేది, సగం నిజం కూడా. ఆవిడ ముఖం చూసి అదే అందామని నోరు తెరిచాను. కానీ అలా అంటే మిషన్ పోతుంది, ఎండు గుంత అలాగే ఉంటుంది, ఫ్రిజ్జు వస్తుంది.

"బతికేది పెద్దమ్మా" అన్నాను. "ఏ నీళ్ళైనా సరే, ఉండుంటే ఫ్యూజు పోయేది, ఆమె బతికేది. ఇప్పుడైనా పోయండి. లేకుంటే ఇంకొకరు పోతారు."

ఆవిడ ఏడవలేదు. తల ఊపి, వచ్చినచోటికే పోయి కూర్చుంది. తమ్ముడు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, "మనిషివేనా నువ్వు?" అన్నాడు. కర్నూలులో సీనియర్ కూడా అదే అన్నాడు, "పండు ముసల్దానికి అట్లా సెప్తారేమప్పా, ఒగ అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయె?" ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళే, లోకం తెలిసినవాళ్ళే. నేను చెప్పింది సరైనదేనని వాదించాను. రాత్రి పడుకున్నాక మాత్రం పెద్దావిడ తల ఊపడం కనిపించేది.

మిషన్ నేనే విప్పి లారీ ఎక్కించాను. నలిగిన తీగ కత్తిరించి పారేశాను. గుడ్డలో చుట్టిన ఎగరలేని మనిషి బోర్డు మాత్రం కర్నూలు తిరిగొచ్చాక ఇంకే మిషన్‌లోనూ పెట్టలేదు. తర్వాత మిషన్ల వ్యాపారమే పడిపోయింది. నెట్ సెంటర్లు వచ్చాయి, ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాయి. మా మిషన్లు మళ్ళీ తుక్కయ్యాయి, ఈసారి మేమే ఊరూరా తిరిగి వెనక్కు తెచ్చుకోవాల్సి వచ్చింది.

అలా తిరుగుతూ కొన్నేళ్ళకు బద్వేలు వెళ్ళాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, చుట్టుపక్కల చెరువులు నిండాయి. మార్కెట్ దగ్గర శెట్టి అంగడి మూసేసి ఉంది. ఆయన తమ్ముడి బట్టల కొట్లో కూర్చుంటున్నాడని పక్క అంగడివాడు చెప్పాడు. ఫ్రిజ్జు ఎప్పుడో అమ్మేశారు, గదికి కరెంటే తీయించేశారు. మీటరున్న చోట గోడకు చెక్క మాత్రం మిగిలింది. పెద్దావిడ ఒక్కతే వెనక ఇంట్లో ఉంటోంది, ప్రొద్దుటూరు రమ్మంటే రాదట.

నేను పక్క సందులోంచి ఈశాన్యం వైపు వెళ్ళాను. గుంత చుట్టూ నేల నల్లగా తడిసి, పచ్చగా నాచు పట్టి ఉంది. గోడ మీంచి దిగి గుంతలో కలవాల్సిన తీగ ఎవరో కోసుకుపోయారు, మిగిలిన మూరెడు ముక్క గాలికి ఊగుతోంది. ఆ గుంత ఇప్పుడు దేనికీ కలిసి లేదు.

పెద్దావిడ చెంబుతో బయటికొచ్చింది. కళ్ళు ఆనడం లేదు, గోడ తడుముకుంటూ నడుస్తోంది. నా గొంతు విని గుర్తుపట్టింది.

"మిషన్ల నాయనవా? సూడు, ఒగ పూట గూడా మానలే. పాత్రల నీళ్ళు పోస్తాండా, స్నానం నీళ్ళు పోస్తాండా, నా తాగే చెంబులోవి గూడా పోస్తాండా. ఇంగ ఈశాన్యం గీశాన్యం నేను సూసేది లేదు" అంది. చెంబు వంచి, ఆఖరి చుక్క దాకా దులిపింది. తర్వాత తలెత్తి నేనున్న వైపు చూసింది.

"సాలునా నాయనా?"

ఆ మాట ఈ ఇంట్లోనే ఒకసారి నన్ను నిజం చెప్పమని అడిగిన మనిషే అడిగింది. ఆ తీగ ముక్క నా భుజానికి తగులుతోంది.

"సాలు పెద్దమ్మా" అన్నాను. "శానా సాలు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఎందుకైనా మంచిది, ఇంగొగ చెంబు పోస్తా, ఉండు" అని గోడ పట్టుకుని లోపలికి పోయింది.